నాయన మీద, కొడుకు కింద

ఎడిన్‌బరా పాత ఊళ్లో వాకింగ్ టూర్ అంటే మనవాళ్ల ఏర్పాట్లకు లోటుండదు. ఫోన్లకు రాత్రంతా చార్జింగ్ పెడతారు, మోకాళ్లకు పట్టీలు వేస్తారు, పులిహోర కడతారు. ఆ ఊరికి మిద్దె ఉందన్న సంగతి మాత్రం ఎవరూ కనుక్కోరు. గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతూ, అమ్మానాన్నల్ని ఆదోని నుంచి పిలిపించుకున్న అబ్బాయి కూడా కనుక్కోడు. వాడి ధైర్యమంతా ఫోన్లో మ్యాపు. ఆ మ్యాపుకి తూర్పు పడమరలు తెలుసు గానీ మీదా కిందా తెలియదు.

ఆదివారం పొద్దున పదకొండింటి టూర్ అనుకుందాం. పదిన్నరకి వేవర్లీ స్టేషన్లో రైలు దిగుతారు. స్టేషన్ పల్లంలో ఉంటుంది. ఉత్తరం గట్టున కొత్త ఊరు (కొత్తదంటే 18వ శతాబ్దానిది), దక్షిణం గట్టున పాత ఊరు. బయటికి రాగానే బాల్మోరల్ హోటల్ గడియారం కనిపిస్తుంది, పెద్దాయన తన చేతి వాచీని దాంతో సరిచేసుకుంటాడు. రైలుకి పరిగెత్తేవాళ్లు కాస్త తొందరపడాలని ఆ గడియారాన్ని కావాలనే 3 నిమిషాలు ముందుకి పెట్టి ఉంచుతారు. డిసెంబరు 31న తప్ప ఏడాదంతా ఇదే తంతు. ఆ మూడు నిమిషాలూ ఇక సాయంత్రం దాకా పెద్దాయన మణికట్టు వదలవు.

స్టేషన్ నుంచి పాత ఊరి పెద్ద వీధి రాయల్ మైల్‌కి ఐదు నిమిషాలంటుంది మ్యాపు. దారి ఫ్లెష్‌మార్కెట్ క్లోజ్ గుండా. రెండు పక్కలా ఎత్తు గోడలుండి మధ్యన మిగిలిన సందుని అక్కడ క్లోజ్ అంటారు. ఈ సందు మార్కెట్ స్ట్రీట్‌లో మొదలై, కోబర్న్ స్ట్రీట్‌ని అడ్డంగా దాటి, రాయల్ మైల్‌లోనే ఒక ముక్క అయిన హై స్ట్రీట్‌లో తేలుతుంది. దారి పొడుగునా మెట్లే. చీర కింద స్పోర్ట్స్ బూట్లు తొడుక్కున్న పెద్దామె సగంలో రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "ఐదు నిమిషాలు ఎవురికి రా?" అని అడుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మ్యాపు చెప్పిన టైముకి రెట్టింపు వేసుకోవాలి, లేదంటే కోబర్న్ స్ట్రీట్ మీదుగా పోవాలి. అది వంపు తిరుగుతూ మెల్లగా ఎక్కుతుంది. కాస్త చుట్టే, కానీ పైకి చేరేసరికి మాట్లాడే ఓపిక మిగులుతుంది.

హై స్ట్రీట్‌లో సెయింట్ జైల్స్ చర్చి వెనకాల మెర్కాట్ క్రాస్ అనే పాత సంత స్తంభం దగ్గర టూర్ గుంపులు కలుస్తుంటాయి. గైడు గొడుగు రంగు గుర్తు పెట్టుకోమని బుకింగ్ మెయిల్లో రాస్తారు. ఇబ్బందేమిటంటే అదే రంగు గొడుగుతో మరో గైడు కూడా నిలబడి ఉండొచ్చు. అబ్బాయి కాఫీలు తెచ్చేలోగా పెద్దాయన ముందుజాగ్రత్తగా వెళ్లి గుంపులో నిలబడతాడు. గైడు మాటలు ఒక్కటీ అర్థం కావు. స్కాట్లండ్ యాస కష్టమని కొడుకు ముందే చెప్పి ఉన్నాడు గనక ఆయన కంగారు పడడు. అందరూ నవ్వినప్పుడు నవ్వుతాడు, అందరూ చర్చి శిఖరం వంక చూస్తే తనూ చూసి తలాడిస్తాడు. అది స్పానిష్ టూర్ అని అబ్బాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాకా తెలియదు. బుకింగ్‌లో ఉన్న గైడు పేరు అడగడం ఒక్కటే దీనికి మందు.

అసలు గుంపు చర్చి పడమటి గుమ్మం ముందు ఉంటుంది. అక్కడ నేలలో రంగు రాళ్లు గుండె ఆకారంలో పొదిగి ఉంటాయి. పెద్దామెకది ముచ్చటైన ముగ్గులా కనిపిస్తుంది. పులిహోర సంచి సరిగ్గా దాని నడిమధ్య దించుతుంది. అప్పుడు గైడు గొంతు సవరించుకుని కథ మొదలుపెడతాడు: ఈ గుండె ఉన్నచోటే పాత జైలు గుమ్మం ఉండేది, 1817లో జైలు పడగొట్టారు, దాని మీద కసితో జనం ఇక్కడ ఉమ్మేవారు, ఇప్పటికీ అదృష్టం కలిసొస్తుందని వచ్చేపోయేవాళ్లు ఉమ్ముతుంటారు. కథ "ఉమ్మేవారు" దాకా రాగానే అబ్బాయి ముఖం పాలిపోతుంది. అమ్మకి తెలుగులో చెప్పాలా వద్దా అని వాడు తేల్చుకునేలోగా ఒక పెద్దమనిషి నడుస్తూ నడుస్తూ వచ్చి, సంచిని చూసి, మర్యాదగా ఆగి, పక్కకి తిరిగి మిగిలిన జాగాలో ఉమ్మి వెళ్లిపోతాడు. ఇక చెప్పక్కర్లేదు.

కాస్త పైకి నడిస్తే రోడ్డు వారన డేవిడ్ హ్యూమ్ కంచు విగ్రహం. ఆయన కాలి బొటనవేలు జనం చేతులు తగిలి బంగారంలా మెరుస్తుంటుంది. పరీక్షల ముందు విద్యార్థులు, ఫొటోల కోసం టూరిస్టులు రుద్దుతారు. పెద్దాయనకి ఎవరూ వివరించనక్కర్లేదు. మెరుస్తున్న పాదం కనిపించింది, వంగి తాకి రెండు కళ్లకూ అద్దుకుంటాడు, పనిలో పనిగా కొడుక్కి ఉద్యోగం రావాలని మొక్కుకుంటాడు. అద్భుతాలను నమ్మడానికి సాక్ష్యం చాలదని 18వ శతాబ్దంలో పుస్తకం రాసి చర్చివాళ్ల చేత నాస్తికుడనిపించుకున్న తత్వవేత్తకి ఇంత భక్తితో దణ్ణం పెట్టినవారిని గైడు కూడా చూసి ఉండడు. ఫొటో తీసుకుంటాడు.

అక్కణ్ణుంచి గుంపు దక్షిణానికి తిరిగి జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి మీద నడుస్తుంది. మిద్దె సంగతి ఇక్కడే తెలియాలి, ఇక్కడే ఎవరికీ తెలియదు. పేరుకి బ్రిడ్జే గానీ కింద నది లేదు. రెండు పక్కలా లైబ్రరీలు, కెఫేలు, దుకాణాలు. మామూలు బజారులాగే ఉంటుంది. ఎందుకిలా అంటే, ఎడిన్‌బరా కోట ఉన్న గుట్ట సుమారు 35 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన రాయి. మంచుయుగంలో పడమటి నుంచి వచ్చిన మంచునది దాన్ని కొరకలేక రెండు వైపులా చీలి లోయలు తవ్వింది, గుట్ట చాటున తూర్పుగా పొడుగాటి దిబ్బ మిగిలింది. ఆ దిబ్బ వెన్ను మీదే రాయల్ మైల్. దక్షిణపు లోయలో గ్రాస్‌మార్కెట్, కౌగేట్ అనే వీధులు. లోయలో దిగి ఎక్కడం విసుగుపుట్టి పైనుంచి వంతెనలు వేశారు. 1788లో పూర్తయిన సౌత్ బ్రిడ్జికి 19 కమానులుంటే బయటికి కనబడేది ఒక్కటే, మిగతావన్నీ ఇళ్ల వెనక దాక్కున్నాయి. కొన్ని దశాబ్దాలకు జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి కూడా అలాగే లేచింది. అందుకే ఆ ఊళ్లో ఒక వీధి నెత్తి మీద ఇంకో వీధి ఉంటుంది, మ్యాపులో రెండూ ఒకదాన్నొకటి దాటుతున్న గీతల్లా అమాయకంగా కనిపిస్తాయి.

వంతెన దక్షిణపు కొసన గ్రేఫ్రయర్స్ బాబీ అనే కుక్క విగ్రహం. యజమాని సమాధి దగ్గర ఏళ్ల తరబడి కాపలా ఉందని చెప్పుకుంటారు, విగ్రహం 1873 నాటిది. ముక్కు రుద్దితే అదృష్టమన్న పుకారు ఈ మధ్యది. ముక్కు అరిగిపోతోంది, రుద్దకండని ఊరివాళ్లు మొత్తుకుంటున్నారు. కాబట్టి రుద్దకూడదు. హ్యూమ్‌ దగ్గర ఆ పని ఎలాగూ అయిపోయింది.

ఇక్కడ పెద్దాయన రాత్రంతా మనసులో తిప్పుకున్న ప్రశ్నని ఇంగ్లిష్‌లో అడుగుతాడు: "మన్రో ఎక్కడున్నాడు?" ఆయన అడిగేది సర్ థామస్ మన్రో గురించి. దత్తమండలాలకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన దొర. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకి కనిపించి మాట్లాడారని ఆ ప్రాంతంలో చెప్పుకోనివారుండరు. ఆదోని మనిషి స్కాట్లండ్ దాకా వచ్చి ఆయన్ని అడక్కుండా ఎలా పోతాడు? గైడు మాత్రం స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు గనక ఆ చెవితోనే విని, "ఈ చుట్టుపక్కల లేవు. ఉత్తరాన పోతే 282 ఉన్నాయి, ఒక్కొక్కదాన్నీ ఎక్కాలంటే జనానికి జీవితకాలం పడుతుంది" అంటాడు. పెద్దాయన నోరు తెరిచి నిలబడిపోతాడు. 282 మన్రోలేమిటి? వాళ్లని ఎక్కడమేమిటి? మన్రో పుట్టింది గ్లాస్గోలో, అంటే కొడుకు గదికి కాస్త దూరంలోనే. ఆ ముక్క ఎడిన్‌బరా గైడు నోట వస్తుందనుకోవడం ఎలాగూ అత్యాశే.

ఆయన లెక్క తేలేలోగా గుంపు కుడివైపు క్యాండిల్‌మేకర్ రో లోకి తిరిగి పల్లానికి దిగిపోతుంది. రోడ్లు చీలేది సరిగ్గా బాబీ ముందే. ఒకటి వంతెన మీదుగా తిన్నగా, ఒకటి పక్కనుంచి కిందికి. పది అడుగులు వేసేసరికి గైడు గొడుగు కూడా కనబడదు. పెద్దాయన తేరుకుని, తనకు తెలిసిన ఒకే ఒక్క దారిలో, అంటే వచ్చిన దారినే, వంతెన మీద వెనక్కి నడుస్తాడు. ఇక వేసే ప్రతి అడుగుకీ ఇద్దరి మధ్యా ఎత్తు పెరుగుతుంటుంది.

కింద అబ్బాయి వాట్సాప్‌లో నాన్న లైవ్ లొకేషన్ తెరుస్తాడు. చుక్క కౌగేట్ మీద కనిపిస్తుంది. పరిగెత్తి చుక్క ఉన్నచోటికే వెళతాడు. తల పైన రాతి కమాను, చుట్టూ నలుగురు సిగరెట్లు కాలుస్తున్న కుర్రాళ్లు. నాన్న లేడు.

"నాయనా, యాడుండావు?"

"ఈడనే. నువ్వు యాడుండావురా?"

"నేనూ ఈడనే. నీ చుక్క మీదనే నిలబడుండా."

"నేనూ నీ చుక్క మీదనే ఉండా."

ఇద్దరిదీ నిజమే. జీపీఎస్‌కి అక్షాంశమూ రేఖాంశమూ చాలు, ఎత్తు సంగతి మ్యాపు తెర మీద చూపించదు. పైగా ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి చుక్క అప్పుడప్పుడూ గంతులు కూడా వేస్తుంది. చుక్క కలిసి మనిషి కలవకపోతే ఎడిన్‌బరాలో చెయ్యాల్సిన మొదటి పని తల పైకెత్తడం, లేదా గోడ మీంచి కిందికి తొంగిచూడడం. పెద్దాయన రెండోది చేస్తాడు. పిట్టగోడ మీంచి వంగి చూస్తే మూడు నాలుగంతస్తుల లోతున కొడుకు నడినెత్తి కనిపిస్తుంది. సంతోషంతో చేతిలో గొడుగు తెరిచి ఊపుతాడు.

ఎడిన్‌బరాలో గొడుగు తెరవకూడదు. ఎక్కువగా నైరుతి నుంచి వీచే గాలి లోయ దారి పట్టి వస్తుంది, వంతెన దగ్గర ఇళ్ల మధ్య ఖాళీ దొరకగానే ఎగసి పడుతుంది. ఊరివాళ్లు హుడ్ ఉన్న వానకోటు వేసుకుంటారు. గైడు చేతిలోని గొడుగు గుర్తు కోసమే, దాన్ని ఆయన కూడా ముడిచే పట్టుకుంటాడు. ఆదోనిలో కొన్న గొడుగుకి ఇవేవీ తెలియవు. ఒక్క ఊపుకి వెనక్కి తిరగబడి, ఇంకో ఊపుకి చేతిలోంచి ఊడి, గిరికీలు కొడుతూ వెళ్లి కొడుకు కాళ్ల దగ్గర పడుతుంది. పెద్దాయన కంటే ముందు గొడుగు గుంపులో కలుస్తుంది.

అక్కడ నేరుగా దిగే మెట్ల కోసం వెతికి లాభం లేదు. దారులు రెండే: వెనక్కి బాబీ దాకా వెళ్లి క్యాండిల్‌మేకర్ రో దిగడం, లేదా ముందుకి నడిచి ఎడమవైపు విక్టోరియా స్ట్రీట్ పట్టుకోవడం. రెండూ గ్రాస్‌మార్కెట్ తూర్పు కొసకే చేరతాయి. విక్టోరియా స్ట్రీట్ రంగురంగుల దుకాణాలతో వంపు తిరిగి దిగుతుంది. అయితే దానికీ ఒక మిద్దె ఉంది, విక్టోరియా టెర్రస్ అని. దారిలో పైకి మెట్లు కనిపిస్తే ఎక్కకూడదు. తడిసిన రాళ్ల రోడ్డు జారుతుంది, దిగేటప్పుడు చిన్న అడుగులే వెయ్యాలి.

ఈలోపు గ్రాస్‌మార్కెట్‌లో గైడు మ్యాగీ డిక్సన్ కథ చెబుతుంటాడు. 1724లో ఆమెను అక్కడే ఉరితీశారు, పెట్టెలో పెట్టి సొంతూరికి తీసుకుపోతుంటే దారిలో లేచి కూర్చుంది, తర్వాత చాలా ఏళ్లు బతికింది. కథయ్యాక కళ్లు ఒత్తుకుంటున్న పెద్దామెను చూసి, "ఉరితీసినావిడే తిరిగొచ్చింది, మీ ఆయన రాడా అమ్మా?" అని ఓదారుస్తాడు. అబ్బాయి దీన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఉరి మాట మింగేస్తాడు.

పెద్దాయన వచ్చేస్తాడు. టూర్ అయిపోయింది, ఇక డబ్బుల వంతు. ఉచిత టూర్ అంటే చివర్లో ఎవరి ఇష్టం వాళ్లు ఇవ్వడం. తలకి 10 పౌన్లు పెడితే ఎవరూ ముఖం ముడుచుకోరు, చాలామంది గైడ్ల దగ్గర కార్డు మిషనూ ఉంటుంది. పెద్దాయన 50 ఇచ్చి 20 తిరిగి తీసుకుంటాడు. చేతికొచ్చిన రెండు పది నోట్ల మీదా రాజుగారి బొమ్మ లేదు. ఒకదాని మీద ఎవరో ఆవిడ, తిప్పితే నీటికుక్కలు, ఇంకోదాని మీద ఎవరో కవి. దొంగనోట్లని తేల్చి వెనక్కి చాపుతాడు. స్కాట్లండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి, ఆవిడ గణిత శాస్త్రవేత్త మేరీ సోమర్‌విల్, కవి రాబర్ట్ బర్న్స్. నోట్లు అసలువే, కాకపోతే లండన్ దుకాణాల్లో కొందరు వాటిని చూసి మొహం చిట్లిస్తారు గనక అక్కడే ఖర్చుపెట్టుకోవడం మేలు.

ఇంతలో పెద్దాయన వాచీలో ఒంటిగంట అవుతుంది. కోట మీంచి ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారని ఆయన చదివాడు. ఫోర్త్ సముద్రపు పాయలోని ఓడలకు టైము తెలియడానికి 1861లో మొదలైన ఆచారం. వీడియో ఆన్ చేసి ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు. నిమిషం, రెండు, మూడు, ఐదు. చెయ్యి పీకుతుంది, ఫోన్ బ్యాటరీ ఎర్రబడుతుంది. "దొరలకు కూడా టైము లేకుండా పోయిందప్పా" అంటాడు. ఆదివారాలు ఫిరంగి పేల్చరు, క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ పేల్చరు. పేల్చే రోజున కూడా ఆయన వాచీ ప్రకారం మూడు నిమిషాలు ఆలస్యంగానే పేలుతుంది.

పెద్దామె ఇవేవీ వినడం లేదు. రెండు గంటల నడక, పొద్దున్న కాఫీ. బాత్రూం ఎక్కడని గైడునే అడిగిస్తుంది. ఛాంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం, శుభ్రంగా ఉంటాయి అంటాడు గైడు. అబ్బాయి మ్యాపు తెరిచి చూసి, "ఏడు నిమిషాలే అమ్మా" అంటాడు.

"ఏడు నిమిషాలు సరే. మీదా, కిందా?"

"...మీద."

"ట్యాక్సీ పిలువు."