'డబ్బులో డెబ్బై శాతం గ్రాఫిక్స్ కార్డుకే' అన్న సూత్రం ఎందుకు నిలబడదు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంజినీరింగు చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. సొంతంగా గేమింగ్ కంప్యూటరు కట్టుకోవాలనుకునేవారికి అందులో ఐదు సూత్రాలు ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బులో డెబ్బై శాతం గ్రాఫిక్స్ కార్డుకు పెట్టి, మిగిలినవి ఏవైనా కొనుక్కోవచ్చునట. ప్రాసెసర్‌లో కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది కనుక పాత సర్వర్ల నుంచి తీసిన జియాన్ అనే ఇంటెల్ ప్రాసెసర్ సెట్టు తెచ్చుకోవచ్చునట. ర్యామ్‌కు ఎన్ని జీబీలో చూస్తే చాలునట. ఏ భాగం మిగతావాటిని వెనక్కి లాగుతోందో శాతంలో చెప్పే బాటిల్‌నెక్ కాలిక్యులేటరులో పది శాతం లోపు వస్తే సిస్టమ్ సమతూకంగా ఉన్నట్టేనట. ఎస్ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) మాత్రం క్యాబినెట్‌తో వచ్చేదే సరిపోతుందట. చీపురుపల్లిలో ఉండే మా మేనల్లుడు దీన్ని నాకు పంపి, "మావయ్యా, దీని ప్రకారమే లిస్టు రాసేశాను, ఒకసారి చూడు" అన్నాడు. లిస్టు చూశాక అతనికి ఫోనులో చెప్పిన మాటలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి సూత్రంలో కొంత నిజం ఉంది. గేములు ఆడే కంప్యూటరులో అన్నిటికన్నా ఎక్కువ ఖరీదైన వస్తువు గ్రాఫిక్స్ కార్డే అవుతుంది, కావాలి కూడా. అయితే అరవై వేలలో డెబ్బై శాతం అంటే నలభై రెండు వేలు. మిగిలిన పద్దెనిమిది వేలలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ రావాలి. మానిటర్ మాటే సందేశంలో లేదు, నిజానికి లెక్క మొదలు కావలసింది అక్కడే. గేములోని ప్రతి ఫ్రేముకూ, అంటే తెరపై వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మకూ, ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎవరికి తగిలింది, తెరపై ఏయే వస్తువులు గీయాలి అన్న లెక్కలు ముందు ప్రాసెసర్ కట్టి ఇస్తే, వాటిని బొమ్మగా గీసేది గ్రాఫిక్స్ కార్డు. పలాసలో జీడిపిక్కలు కొట్టేవారు ఎంత చురుకైనవారైనా, పొట్టు తీసే చేతులు చాలకపోతే సాయంత్రానికి తయారయ్యే పప్పు ఆ చేతుల లెక్కనే ఉంటుంది. ఇక్కడా అంతే, ఇద్దరిలో నెమ్మదైనవారిదే వేగం.

ఆ నెమ్మదైనవారు ఎవరన్నది మానిటర్‌ను బట్టి, ఆడే గేమును బట్టి మారుతుంది. 1080పీ తెరపై ఉండే చుక్కలు సుమారు 20.7 లక్షలు, 4కే తెరపై సుమారు 82.9 లక్షలు. 1080పీ నుంచి 4కేకు వెళ్తే కార్డు పని దాదాపు నాలుగింతలు అవుతుంది గాని ప్రాసెసర్ పని అంతగా పెరగదు. అందువల్ల 4కే తెరపై బరువైన గేమును సెకనుకు 60 ఫ్రేములతో ఆడాలనుకునేవారికి డెబ్బై శాతం కాకపోయినా పెద్ద వాటా కార్డుకు పెట్టడం న్యాయమే. 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) తెరపై వేలరెంట్ అనే ఆన్‌లైన్ తుపాకుల గేము ఆడేవారి సంగతి వేరు, అక్కడ ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం ఏడు మిల్లీసెకన్లకు లోపే కనుక ముందు అలసిపోయేది సాధారణంగా ప్రాసెసరే. మా మేనల్లుడి దగ్గర ఉన్నదేమో వాళ్ల నాన్న ఆఫీసు పనికి కొన్న 60 హెర్ట్జ్ మానిటర్. మీట నొక్కినప్పటి స్పందనలో కాస్త తేడా తెలిసినా, అరవైకి మించిన ఫ్రేములు ఆ తెరపై కనబడవు. కార్డు వాటాలో కొంత తగ్గించి 144 హెర్ట్జ్ మానిటర్ తీసుకోమన్నాను.

'మిగిలినవి ఏవైనా' అన్న మాట ఇంకా ప్రమాదకరమైనది. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు నాలుగు పీసీఐఈ దారులతోనే (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారులు) పనిచేస్తుంది. పీసీఐఈ 4.0 ఉన్న బోర్డు మీద ఆ నాలుగు దారులు సెకనుకు దాదాపు 8 జీబీలు మోస్తాయి, 3.0 బోర్డు మీద దాదాపు 4 జీబీలే. కార్డు మీద ఉన్న మెమరీ కూడా నాలుగు జీబీలే కావడంతో, అది నిండిన ప్రతిసారీ ఈ ఇరుకు దారి మీదే ఆధారపడవలసి వస్తుంది. ఏ520 చిప్‌సెట్ బోర్డుల్లో, రైజెన్ 5 5500 వంటి ప్రాసెసర్లలో ఉన్నది 3.0యే. చవకబోర్డు మీద ఆ కార్డు పెట్టిన మనిషి పూర్తి కార్డుకు డబ్బు కట్టి అందులో కొంతే వాడుకుంటున్నట్టు.

జియాన్ సెట్ల మోజు నాకు అర్థమవుతుంది. పద్నాలుగు కోర్లు అని చదివితే ఎవరికైనా నోరూరుతుంది. ఈ5-2680 వీ4 అనే ఆ ప్రాసెసర్ 2016 నాటిది, అత్యధిక వేగం 3.3 గిగాహెర్ట్జ్. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కు నాలుగే కోర్లు, కాని అది 4.3 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, పైగా ఒక్కో క్లాక్ సైకిల్‌కు చేసే పని కూడా ఎక్కువ. చాలా గేముల్లో బరువంతా ఒక ప్రధాన థ్రెడ్డు (ఒక కోరు మీద నడిచే పనుల వరుస) మీద పడుతుంది కనుక, పద్నాలుగు కోర్లలో చాలావరకు చూస్తూ కూర్చుంటాయి. వీడియోలు రెండర్ చేసేవారికి ఆ కోర్లు పనికొస్తాయని ఒప్పుకుంటాను. మరొక చిక్కు ఉంది. విండోస్ 11 అధికారికంగా దాదాపు ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే పనిచేస్తుంది, ఈ జియాన్ అంతకన్నా పాతది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వేలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండి తీరాలి. వేలరెంట్ కోసమే కంప్యూటరు కట్టుకుంటున్న కుర్రాడికి పాత సర్వర్ సెట్టు సలహా ఇవ్వడమంటే దారి లేని ఊరికి బండి కొనివ్వడమే.

నాలుగు కోర్లు నేటి బరువైన గేములకు అప్పుడప్పుడు చాలడం లేదు కాబట్టి, ఆరు కోర్ల రైజెన్ 5 5600 గాని ఐ5-12400 గాని నేను సూచిస్తాను. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' లేనిదే తీసుకోమంటాను. 'ఎఫ్' ఉన్నవాటిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. వారంటీ కోసం కార్డు విశాఖకు వెళ్లి తిరిగివచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. నగరంలో ఉండేవారికి ఇది చిన్న విషయం కావచ్చు, మనకు కాదు.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డీడీఆర్4-3200 రకం ర్యామ్‌లో పదహారు జీబీల ఒకే స్టిక్కు సెకనుకు 25.6 జీబీలు అందిస్తే, ఎనిమిదేసి జీబీల రెండు స్టిక్కులు 51.2 జీబీలు అందిస్తాయి. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి, తర్వాత బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోవచ్చు.

ఇక కాలిక్యులేటర్ శాతం. పై మాటలు చదివినవారికి దాని లోపం ఇప్పటికే తట్టి ఉంటుంది. ఒకే కార్డు, ఒకే ప్రాసెసర్ జంట ఒక గేములో ఒక రకంగా, మరో గేములో మరో రకంగా ఉంటే, ఒక్క అంకె దేన్ని చెబుతున్నట్టు? నిజంగా తెలుసుకోవాలంటే గేము నడుస్తుండగా కార్డు వాడకం చూడండి. అది 95 శాతానికి పైనే ఉంటే కార్డే హద్దు. అది తక్కువగా ఉండి, రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే హద్దు ప్రాసెసర్ దగ్గర ఉందని అనుకోవచ్చు.

ఐదో సూత్రం దగ్గర నాకు కోపం వచ్చింది, దానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట నేను కట్టిన మొదటి సిస్టమ్‌లో క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్ ఒక వేసవి సాయంత్రం పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. దాని మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లని ఉందని తర్వాత చూశాను. పన్నెండు పదహార్లు 192. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తమ శక్తిలో అత్యధిక భాగాన్ని ఆ 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి కాబట్టి, ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు చదవవలసిన అంకె అదే. '80 ప్లస్' ముద్ర కూడా కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే చెబుతుంది; షార్ట్ సర్క్యూట్ నుంచి, అధిక వోల్టేజీ నుంచి రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి.

మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ బాగా పడిపోవడం పల్లెల్లో అందరికీ అనుభవమే. 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకునే మంచి ఎస్ఎంపీఎస్ దాన్ని తట్టుకుంటుంది. వెనక ఎర్ర స్విచ్చు ఉండే చవకరకం తట్టుకోలేక సిస్టమ్‌ను రీస్టార్ట్ చేయిస్తుంది. వోల్టేజీ తక్కువగా ఉందని ఆ స్విచ్చును 115 వైపు తిప్పితే పేలిపోతుంది, దయచేసి తిప్పవద్దు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే సాధారణంగా తప్పు కంప్యూటరుది కాదు, ఇంట్లో ఎర్తింగు లేదని అర్థం. కార్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్ను పిలిపించండి.

ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు 115 వాట్లు, రైజెన్ 5 5600కు అత్యధికంగా 76, మిగిలినవాటికి ఓ యాభై వేసుకుంటే 240 వాట్లు, మానిటర్‌కు మరో ముప్పై. ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లు మోస్తాయి. కరెంటు పోయినప్పుడు ఆట ఆపి సిస్టమ్ మూసుకునే వ్యవధి దొరుకుతుంది. మేనల్లుడి లిస్టులో మొదట ఉన్నది సెకండ్‌హ్యాండు ఆర్‌టీఎక్స్ 3080. దానికొక్కదానికే 320 వాట్లు. కరెంటు పోయిన క్షణంలో గేము నడుస్తుంటే ఆ యూపీఎస్ కూతపెట్టి ఆగిపోతుంది. ఈ లెక్క చెప్పాక అతను ఆ కార్డు కొట్టేసి 4060 రాశాడు. మిగిలిన డబ్బుకు ఎదురుగా 550 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్, దాని కింద 'ఎర్తింగు' అని రాసి ఫొటో తీసి పంపాడు.