మా బడికి ఒక శాశ్వత పరిశీలకుడు కావాలి

పోయిన నెలలో నన్ను పాఠశాల నాయకత్వ శిక్షణకు అనంతపురం పిలిచారు. మూడు రోజులు. ఒక ఫైలు, ఒక పెన్ను, మధ్యాహ్నం సాంబారన్నం. మొదటి రోజు అంశం ‘బాధ్యతల పంపకం’. మంచి నాయకుడు అన్ని పనులూ తన నెత్తిన వేసుకోడని, జట్టులో ఎవరి బలాన్ని బట్టి వారికి పని అప్పగిస్తాడని శిక్షకుడు చక్కగా చెప్పారు. తెర మీద వలయాలు, వలయాల మధ్య బాణాలు. నేను చేయి ఎత్తి, “సార్, మా బడిలో నేనొక్కడినే” అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. “అయితే ముందు మీ లోపలి జట్టును గుర్తించండి” అన్నారు.

నవ్వబోయి ఆగాను. చుట్టూ చూస్తే నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ ఆ మాట ఫైల్లో రాసుకుంటున్నారు. ఇందులో వింత లేదు. దేశంలోని బడుల వివరాలన్నీ ఏటా సేకరించే ప్రభుత్వ యూడైస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఒకే ఉపాధ్యాయుడున్న బడులు 1,04,125. వాటిలో 12,912 మన ఆంధ్రప్రదేశ్‌వే. ఈ జాబితాలో మనది మొదటి స్థానం. ఉత్తరప్రదేశ్ అంతటి రాష్ట్రం కూడా మన వెనకే నిలబడింది. పదో తరగతిలో ఎవరికి మార్కులొచ్చినా గోడలన్నీ నింపే మనం ఇంతటి ర్యాంకుకు క్లాక్ టవర్ దగ్గర ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టకపోవడం నాకేమీ నచ్చలేదు.

నేను శిక్షణలో ఉన్న మూడు రోజులూ మా బడి ఆగలేదు. పక్క ఊరి అయ్యవారిని సర్దుబాటు కింద మా బడికి పంపారు. ఆయనదీ ఏకోపాధ్యాయ పాఠశాలే కాబట్టి, ఆయన బడికి ఇంకో ఊరి ఆయనను పంపారు. ఆ ఇంకో ఊళ్లో ఏం చేశారో విచారించాను. ఆ ఊరి పిల్లలకు మూడు రోజులూ ఆటలేనట. బాధ్యతల పంపకం అంటే ఏమిటో శిక్షణ హాలు బయట ఇంత స్పష్టంగా అమలవుతుంటే లోపల తెర మీద బాణాలు ఎందుకు గీశారో తెలియదు.

ఊరికి తిరిగి వచ్చాక లోపలి జట్టును గుర్తించే పనిలో పడ్డాను. సిబ్బంది సమావేశం ఏర్పాటు చేశాను. కోరం సరిపోయింది. ప్రధానోపాధ్యాయుడి హోదాలో సమయానికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను, సహోపాధ్యాయుడి హోదాలో పావుగంట ఆలస్యంగా వచ్చాను. ఆలస్యమెందుకైందని అడిగాను. బియ్యం తూచి ఇచ్చే దగ్గర ఆలస్యమైందని చెప్పాను. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున హెచ్చరించి వదిలేశాను. తర్వాత బలాలు, బలహీనతల పట్టిక నింపాం. బలాల గడిలో ‘సిబ్బంది మధ్య ఎలాంటి విభేదాలూ లేవు’ అని, బలహీనతల గడిలో ‘సిబ్బంది మధ్య ఎవరూ లేరు’ అని రాశాం. తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. మినిట్సు పుస్తకంలో సంతకం చేసే చోట మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డాను. ఒకే చేతిరాతతో రెండు సంతకాలు ఉంటే ఆడిట్ వాళ్లు అడుగుతారు.

మా బడి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కళ్యాణదుర్గం దారిలో, వేరుశనగ చేలు అయిపోయి ఊరు మొదలయ్యే చోట రెండు గదులు, ఒక వేపచెట్టు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇరవై మూడు మంది పిల్లలు. పొద్దున ముందు నా ముఖం ఫోనుకు చూపించి నేనే నేనని నిరూపించుకుంటాను. సిగ్నలు వేపచెట్టుకు తూర్పు వైపే వస్తుంది కాబట్టి ఆ నిరూపణ కాస్త ఎండలో జరుగుతుంది. తర్వాత పిల్లల హాజరు, భోజనానికి ఎంతమందో లెక్క, గుడ్లు ఎన్ని వచ్చాయి ఎన్ని మిగిలాయి, చిక్కీలు, రాగిజావ. కొన్నేళ్ల పాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా రోజూ తీసి పంపేవాళ్లం. వెలుతురు ఏ వైపు నుంచి పడితే పింగాణీ తెల్లగా మెరుస్తుందో ఆ రోజుల్లో బాగా పట్టుబడింది. ఇప్పుడా విద్య అక్కరకు రావడం లేదు.

విద్యా హక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా ఉపాధ్యాయులను విద్యేతర పనులకు వాడకూడదు. వాడలేదనే నేనూ అంటున్నాను. గుడ్లు లెక్కపెట్టడం గణితం, ఫొటో తీయడం చిత్రకళ, సిగ్నలు కోసం చెట్టు కింద నిలబడటం పర్యావరణ పరిజ్ఞానం. అన్నీ పాఠ్యాంశాలే. పిల్లలకు కాకుండా నాకు జరుగుతున్నాయంతే.

ఇక పరిశోధన దగ్గరికి వస్తాను. చదువు మెరుగుపడాలంటే బడిని బాగా గమనించాలి, కొలవాలి, నివేదిక ఇవ్వాలి అని శిక్షణలో పదేపదే చెప్పారు. ఈ మాట నిజమేనా అని ఎవరైనా చూశారా అని వెతికితే, చూసినవాళ్లు ఉన్నారు, అదీ మన దగ్గరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. వంద బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరమైన నివేదికలు ఉపాధ్యాయుల చేతికిచ్చి, ఏడాది పొడవునా తరగతులను గమనించారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. గమనించడానికి వెళ్లినప్పుడు ఆ ఉపాధ్యాయులు మిగతా వాళ్లకంటే చురుగ్గా పనిచేస్తూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే పిల్లల మార్కులు మాత్రం నివేదికలు అందని బడుల పిల్లల మార్కుల కంటే మెరుగ్గా లేవు.

వానమాపకం పెట్టినంత మాత్రాన వాన కురవదని మా జిల్లా రైతుకు ఏ ఆర్థికవేత్తా చెప్పనక్కరలేదు. ఈ జిల్లాలో మండలానికో వానమాపకం ఉంది. అయినా ఆ ఫలితం చూసి నిరాశపడే రకం కాదు విద్యాశాఖలు. మధ్యప్రదేశ్‌లో ఎంపిక చేసిన బడుల నాణ్యతను అంచనా వేసి, ఒక్కో బడికి ఒక అభివృద్ధి ప్రణాళిక రాయించే కార్యక్రమం నడిచింది. అంచనాలు దాదాపు అన్ని బడుల్లో పూర్తయ్యాయి, ప్రణాళికలు రాశారు. మురళీధరనే, ఈసారి అభిజీత్ సింగ్‌తో కలిసి, కొలిచి చూస్తే బోధనలో మార్పు లేదు, చదువులో మార్పు లేదు. కాగితాలు సమయానికి అందాయి గనుక కార్యక్రమం విజయవంతమైందని అందరూ అనుకున్నారు, అదే నమూనా దేశంలో ఆరు లక్షలకు పైగా బడులకు పాకింది. నా సిబ్బంది సమావేశం మినిట్సు కూడా ఎవరైనా చూస్తే దేశమంతా అమలు చేస్తారేమోనని భయంగా ఉంది.

అదే మురళీధరన్, అదే సుందరరామన్, అదే రాష్ట్రంలో ఇంకో వంద బడులకు అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుడిని ఇచ్చి చూశారు. జీతం తక్కువ, శిక్షణ తక్కువ. రెండేళ్లయ్యాక ఆ బడుల పిల్లలకు లెక్కలూ భాషా రెండూ మెరుగ్గా వచ్చాయి. ఈ ఫలితం శిక్షణలో తెర మీదికి రాలేదు. రాకపోవడమే సబబు. మనిషి తక్కువైన చోట మనిషిని పెడితే పని జరుగుతుందన్న దాంట్లో నాయకత్వం ఎక్కడుంది? గీయడానికి బాణం కూడా దొరకదు.

అయితే గమనించడం పూర్తిగా వృథా అని నేను అనను. నా అనుభవం వేరు. రెండేళ్ల కిందట మా బడికి ఒక పరిశీలకుడు వచ్చారు. బైకు వేపచెట్టు కింద నిలిపి, పద్నాలుగు పేజీల ఫారం నా చేతిలో పెట్టి, “మీరు నింపుతూ ఉండండి, నేను పిల్లలను చూస్తాను” అన్నారు. నింపసాగాను. ‘మీ పాఠశాలలో ఉపాధ్యాయులు ఒకరి తరగతిని ఒకరు పరిశీలించుకుంటారా?’ అని ఒక ప్రశ్న. ‘ఎల్లప్పుడూ’ అని రాశాను. కొళాయి దగ్గర అద్దం ఉంది మరి.

పొద్దున పదకొండుకు మొదలుపెడితే ఎనిమిదో పేజీకి వచ్చేసరికి ఒంటిగంట. ఆ రెండు గంటలూ ఆయన ఏం చేయాలో తోచక మూడో తరగతి పిల్లల మధ్య కింద కూర్చున్నారు. చింతగింజలు తెప్పించారు. పది గింజలు ఒక మూట, పది మూటలు ఒక సంచి. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం నేను ఆ పిల్లలకు నెల రోజులుగా చెబుతున్నాను. చెబుతుండగా ఒకటో తరగతిలో ఎవరో ఏడుస్తారు, ఐదో తరగతిలో ఎవరో కొట్టుకుంటారు, గ్యాసు అయిపోయిందని వంటమ్మ వస్తుంది. ఆయనకు ఆ బాధలేమీ లేవు. మూట విప్పి గింజలు ఇప్పించారు, మళ్లీ కట్టించారు. అప్పు తెచ్చుకోవడం మా జిల్లాలో ఎవరికీ కొత్త కాదు కాబట్టి పిల్లలకు సంగతి త్వరగానే అందింది. మరుసటి రోజు నలుగురు లెక్క తప్పులేకుండా చేశారు. ఆయన నివేదిక నెల తర్వాత వచ్చింది. ‘సందర్శన సమయంలో ఉపాధ్యాయుడు బోధన చేయకుండా ఏవో కాగితాలు రాసుకుంటూ కూర్చున్నారు’ అని ఉంది. పూర్తిగా నిజం. ఏకీభవిస్తూ సంతకం చేశాను.

ఆ రోజు నేర్చుకోనివాడు ఒకడున్నాడు. ఆ పరిశీలకుడు వచ్చిన నాటికి వాడు ఊళ్లో లేడు. వాన పడని ఏడు మా ఊరి వాళ్లు బెంగళూరు వెళ్లి కట్టడం పనులు చూసుకుంటారు, పిల్లలూ వెంట పోతారు. రిజిస్టరులో పేరు ఉంటుంది. తీసేస్తే బడి మానేసిన వాళ్ల సంఖ్య సున్నా కాకుండా పోతుంది. వాడు తిరిగొచ్చాక మామయ్య వేరుశనగకాయల బండి దగ్గర కూర్చునేవాడినని చెప్పాడు. అయితే చెప్పమన్నాను: అరకిలో ముప్పై ఐదు, మూడు అరకిలోలు తీసుకుని ఐదువందల నోటు ఇచ్చారు, చిల్లర ఎంత? నా నోరు మూతపడేలోపు “మూడు వందల తొంభై ఐదు సార్” అన్నాడు. పలక ఇచ్చి ఐదు వందల్లోంచి నూట ఐదు తీసేయమన్నాను. చాలా సేపు ఆలోచించి, 405 అని రాశాడు. నోటి లెక్కకు, పలక లెక్కకు మధ్య ఆ పది రూపాయలు ఎక్కడ పోయాయో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో తదితరులు ఇదే చూపించారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు బేరాల లెక్కలు నోటితోనే తేల్చేస్తారు, అదే లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే ఆగిపోతారు. బడి పిల్లల కథ తిరగబడి ఉంది. నోబెల్ బహుమతి వచ్చినవాళ్లకు రెండు నగరాల్లో పట్టుబడిన సంగతి నాకు ఒక పలక మీద పట్టుబడింది. తేడా ఏమిటంటే వాళ్లు వ్యాసం రాశారు, నేను ఆ పిల్లవాడి పక్కన కూర్చుని పలకకూ బండికీ వంతెన కట్టాలి. అంతలో మధ్యాహ్నపు గుడ్ల లెక్క పంపలేదని ఫోను వచ్చింది.

అందుకని బాగా ఆలోచించి పై అధికారులకు ఒక వినతిపత్రం రాశాను. రెండో ఉపాధ్యాయుడు కావాలని అడగలేదు. అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండాలని విద్యా హక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది; చట్టంలో ఉన్నదాన్ని అడిగితే అమాయకుడనుకుంటారు. నేనడిగింది ఒక శాశ్వత పరిశీలకుడిని. పరిశీలనకు, పర్యవేక్షణకు ఎప్పుడూ నిధులుంటాయి కాబట్టి ఇది కుదురుతుంది. అర్హతలు కూడా సూచించాను. డి.ఎడ్. చదివి, టెట్ పాసై ఉండాలి. తొమ్మిది నుంచి నాలుగు దాకా బడిలోనే ఉండి పరిశీలించాలి. నన్ను రోజంతా చూస్తూ ఉంటే ఎవరికైనా విసుగొస్తుంది గనుక, విసుగొచ్చినప్పుడల్లా ఒకటి, రెండు తరగతుల పిల్లల దగ్గర కూర్చునే స్వేచ్ఛ ఇవ్వాలి. చింతగింజలు బడే సమకూరుస్తుంది. ఏ పరిస్థితుల్లోనూ ఆయనను ఉపాధ్యాయుడు అని పిలవబోమని హామీపత్రం జత చేశాను.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. సిబ్బంది సమావేశం తీర్మానం లేనందున వినతి అసంపూర్ణంగా ఉందట. ఆ సాయంత్రమే సమావేశం పెట్టాను. సహోపాధ్యాయుడు ఈసారి సమయానికే వచ్చాడు. తీర్మానం ఏకగ్రీవం. రెండో సంతకం ఎడమ చేత్తో చేశాను.

నిన్న ఫోను వచ్చింది. వినతి పరిశీలనలో ఉందట. పరిశీలకుడి అవసరం ఎంత ఉందో అంచనా వేయడానికి గురువారం ఒక పరిశీలకుడు వస్తున్నారు, ఇరవై పేజీల ఫారం ముందే సిద్ధంగా ఉంచుకోమన్నారు. ఉంచుకోను. ఆయన వచ్చాకే మొదలుపెట్టి, ఒక్కో గడీ నిదానంగా, గుండ్రటి అక్షరాలతో నింపుతాను. బెంగళూరు నుంచి వచ్చినవాడిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి. నాలుగో తరగతికి భాగహారం కూడా మిగిలే ఉంది.