చల్లితే పోయేది కాదు భాస్వరం

చెరువు కంపు కొట్టగానే "బ్యాక్టీరియా చల్లిస్తే సరి" అనే మాట హైదరాబాద్‌లో తరచూ వింటున్నా. దయచేసి ఆ మాటతో ఊరుకోకండి. మురుగులోని సేంద్రియ వ్యర్థాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది, నిజమే. నత్రజనిని కూడా గాల్లోకి పంపగలదు. భాస్వరాన్ని పంపలేదు. అది నీళ్లలోనో, బురదలోనో, గుర్రపుడెక్కలోనో ఉంటుంది తప్ప ఎక్కడికీ పోదు. గుర్రపుడెక్కకు అదే ఎరువు. అందుకే మిషన్లు పెట్టి ఎన్నిసార్లు తీయించినా గుర్రపుడెక్క మళ్లీ పరుచుకుంటుంది. బాలానగర్, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల నీళ్లను ఇళ్ల మురుగుతో కలిపి కూకట్‌పల్లి నాలా ఏళ్లతరబడి హుస్సేన్ సాగర్‌లో పోసింది మరి.

ఫ్యాక్టరీల భాస్వరాన్ని గేటు లోపలే పట్టుకోవాలి. అక్కడ బ్యాక్టీరియా నిజంగా పనికొస్తుంది, పద్ధతిగా నడిపితేనే. ముందు గాలి తగలని ట్యాంకు. అందులో కొన్ని రకాల బ్యాక్టీరియా తాను దాచుకున్న ఫాస్ఫేట్‌ను, అంటే నీళ్లలో కరిగే భాస్వరాన్ని, వదులుతూ, ఆ శక్తితో అసిటేట్ లాంటి ఆమ్లాలను లోపలికి లాక్కుంటుంది. అంటే ఇక్కడ నీళ్లలో భాస్వరం పెరుగుతుంది! తర్వాత గాలి కొట్టే ట్యాంకులో, వదిలినదానికంటే ఎక్కువ పీల్చుకుంటుంది. మామూలు స్లడ్జ్ (శుద్ధి ట్యాంకుల్లో పేరుకునే బ్యాక్టీరియా బురద) ఎండు బరువులో భాస్వరం రెండు శాతం లోపే. ఇలా నడిపిన ట్యాంకుల స్లడ్జ్‌లో 5 శాతం దాటగలదు. ఆ స్లడ్జ్‌ను బయటికి తీస్తేనే భాస్వరం పోయినట్టు. గాలి లేకుండా అలాగే వదిలేస్తే, పట్టుకున్నదాన్ని మళ్లీ నీళ్లలోకే కక్కేస్తుంది.

ఇదేదో పరాయి దేశపు విద్య అనుకోనక్కర్లేదు. మురుగును శుద్ధి చేసే స్లడ్జ్ ఇలా ఫాస్ఫేట్‌ను వేగంగా లాగేస్తుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై 1959లోనే ప్రచురించారు. అరవై ఏళ్లు దాటినా మనమింకా చెరువులో డబ్బాలు ఒంపడం దగ్గరే ఉన్నామంటే నాకు కడుపు మండుతుంది.

అన్ని ఫ్యాక్టరీలకూ ఇది కుదరదు. డెయిరీ, బీరు, కబేళా నీళ్లలో బ్యాక్టీరియాకు తిండి పుష్కలం. లోహానికి ఫాస్ఫేట్ పూత వేసే యూనిట్ల నీళ్లలో భాస్వరం ఉంటుంది, తిండి ఉండదు. అక్కడ సున్నమో ఫెర్రిక్ క్లోరైడో వేసి అడుగుకు దించడమే మేలు. మందుల కంపెనీల నీళ్లలో ఉప్పూ, సాల్వెంట్లూ (మందుల తయారీలో కరిగించడానికి వాడే రసాయనాలు) ఎక్కువైతే బ్యాక్టీరియా బతకడమే కష్టం.

వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీళ్లలో కరిగిన ఫాస్ఫేట్, భాస్వరం లెక్కన లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని దేశమంతటికీ ప్రమాణం ఉంది. మనం మాత్రం బీవోడీ, సీవోడీ దగ్గరే, అంటే నీళ్లలోని వ్యర్థం ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తుందో చెప్పే కొలతల దగ్గరే ఆగిపోతున్నాం. ప్రతి శుద్ధి ప్లాంటు గేటు బయట బోర్డు పెట్టి, ఈ నెల ఎంత స్లడ్జ్ తీశారో, అందులో భాస్వరం ఎంతో, లారీ దాన్ని ఎక్కడ దింపిందో తెలుగులో రాయాలి.