మహారాజశ్రీ 'దా' గారికి

మహారాజశ్రీ ఇటాలియన్ ప్రిపోజిషన్ 'దా' గారి సముఖమునకు, టొరినో నగరంలో అద్దెకుంటున్న ఒక తెలుగు ప్రాణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే, చెప్పుకోవాల్సింది నా సంగతే.

నిన్న మా ఓనరు గారు మెసేజ్ పెట్టారు. "అల్లె త్రే తోర్నో దా మియా మాద్రే, పోయ్ ఫీర్మో." మూడింటికి తిరుగు ప్రయాణం, మధ్యలో అమ్మగారు, ఆ తర్వాత సంతకం. అంతవరకూ అంతా స్పష్టం. అమ్మగారి ముందు ఒక్క అక్షరంగా తమరు కూర్చున్నారు చూశారా, అక్కడే నా మధ్యాహ్నం మంటగలిసింది. అమ్మ దగ్గర్నుంచి తిరిగొస్తారని నేను మెట్ల మీద కాపలా కాశాను. ఆయన అమ్మ దగ్గరికి తిరిగెళ్లారు. ఆయన రాసినదాంట్లో తప్పు లేదు, నేను చదివినదాంట్లోనూ తప్పు లేదు. ఆ రెండు అర్థాలకీ తమరు ఒక్కరే!

మా మెట్ల దగ్గర లైటు కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. ఆరినప్పుడల్లా లేవడం, గోడ మీద ఎర్రగా మినుకుమనే స్విచ్ నొక్కడం, మళ్లీ చల్లటి రాతిమెట్టు మీద కూలబడడం. ఒళ్లో ఒస్పితాలిత ఫారం. ఫలానా విదేశీ మనిషి మా ఇంట్లో ఉంటున్నట్టు 48 గంటల్లోపు ఓనరు పోలీసులకు తెలపాల్సిన కాగితం అది. డిసెంబరు కదా, ఐదు కాకముందే చీకటి పడింది. పై అంతస్తు పెద్దావిడ కూరల సంచీతో ఎక్కుతూ నన్ను చూసి ఆగింది. ఫోన్ చూపించాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, పెదవి విరిచి, "దిపెందె" అంది. సందర్భాన్ని బట్టి ఉంటుందట. దేన్నిబట్టి అని అడగబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆ 'బట్టి'కి కూడా ఇక్కడ వాడేది తమర్నే.

అయ్యా, ఊళ్ల విషయంలో తమరెంత బుద్ధిమంతులు! 'తోర్నో దా రోమా' అంటే రోమ్ నుంచే. రోమ్‌కి వెళ్లాలంటే 'ఆ రోమా', తమరసలు దారికే అడ్డు రారు. మనిషి కనిపిస్తే చాలు, బుద్ధి మారిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నా దాల్ మేదికో, డాక్టరు దగ్గర కూర్చున్నా దాల్ మేదికో, మందుచీటీ పట్టుకుని తిరిగొస్తున్నా దాల్ మేదికోనే. పోతున్నాడో ఉన్నాడో వస్తున్నాడో క్రియ చూసి పోల్చుకోవాలట. మరి 'తోర్నో' లాంటి రెండు నాల్కల క్రియ వచ్చినప్పుడో? మా ఊళ్లో బడికెళ్లని ముసలమ్మ కూడా అమ్మ దగ్గరికి, అమ్మ దగ్గర్నుంచి అని విడివిడిగా చెబుతుందండీ.

ఇక తమరి మిగతా వ్యాపకాలు. చలువ కళ్లద్దాలు ఓక్యాలి 'దా' సోలే. పడగ్గది కామెరా 'దా' లెత్తో. చిన్నప్పుడు అనాలంటే 'దా' బంబీనో, ఒంటరిగా అనాలంటే 'దా' సోలో, తినడానికేమైనా ఉందా అనాలన్నా తమరే. అన్ని రోగాలకూ జిందా తిలిస్మాత్ రాసినట్టు అన్ని వాక్యాలకూ తమర్నే రాశారు. బిక్యేరె ది వీనో అంటే గ్లాసుడు వైన్. 'ది' బదులు తమరొస్తే ఖాళీ గ్లాసు, వైన్ మాయం. లియోనార్డో గారిది వించి అనే ఊరు. మన ఇంటిపేర్లలాగే ఊరిపేరు తగిలించుకున్నారు, బాగుంది. మధ్యలో తమరు దూరడంతో ప్రపంచమంతా ఆయన్ని 'డావించి' అంటోంది. 'వించి నుంచి గారూ' అని పిలిచినట్టు!

ఒంటరిగా వచ్చినా సర్దుకునేవాణ్ణి. ఆర్టికల్‌తో కలిసి దాల్, దాల్లో, దాల్లా, దాయ్, దాల్యి, దాల్లె అని వేషాలు. అచ్చు ముందు ఇంకో వేషం. 'దాయ్' అంటే మళ్లీ 'నువ్వు ఇస్తావు', ఇంకాస్త గట్టిగా అంటే 'కానీ బాబూ కానీ!' ఏమిటయ్యా ఇది? భాషా, ఫ్యాన్సీ డ్రెస్ పోటీయా?

నీ చుట్టాలేం తక్కువ తినలేదు. బ్యాంకుకి 'ఇన్' అట, సూపర్‌మార్కెట్‌కి 'ఆల్' అట. సిసిలీకి 'ఇన్', కాప్రికి 'ఆ'. దీవి సైజు చూసి ప్రిపోజిషన్ వెయ్యాలి. మొదలుపెట్టడానికి 'ఆ' కావాలి, ముగించడానికి 'ది' కావాలి. 'ఫారె' అనే క్రియ ఒకటుంది, స్నానం చేసినా పెట్రోలు కొట్టించినా బయట చలిగా ఉన్నా అదే. దాన్ని క్షమించేశాను, అది నన్నెప్పుడూ మెట్ల మీద కూర్చోబెట్టలేదు.

నువ్వు కూర్చోబెట్టావు! కాగితం గడువు దగ్గరపడుతుంటే, వేళ్లు కొంకర్లు పోతుంటే, ఫోన్‌లో ఆ ఒక్క అక్షరాన్ని చూస్తూ కూర్చున్నాను. క్లాసులో అడిగితే "వింటూ ఉంటే అదే వచ్చేస్తుంది" అంటారు. ఎప్పుడు వస్తుంది? మా ఓనరు వచ్చినట్టా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, లేకపోతే కళ్లు పోతాయి. 'ఆబితో క్వి దా దుయే ఆన్ని', రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను. అచ్చంగా మన వరసే. నుంచి అంటూనే వర్తమానం. లండన్ నుంచి వచ్చిన మా క్లాసాయన దీన్ని భూతకాలంలోకి లాక్కెళ్లి ప్రతిసారీ ఎర్రసిరా తెచ్చుకుంటాడు. 'మి ప్యాచె' కూడా అంతే. నాకు నచ్చింది అన్నట్టే ఉంటుంది, నచ్చిన వస్తువే కర్త. ఆయన తలపట్టుకుంటుంటే నేను కాలు మీద కాలేసుకుని రాసేశాను. ఆ రోజు నీ మీద కాస్త ప్రేమ కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

అందుకే తిట్టడం ఆపి ఒక ఆహ్వానం పంపుతున్నాను. కోర్సు ఫీజేమీ అక్కర్లేదు, ఒక్కసారి మా వైపు వచ్చి చూడు. అక్కడ ఎవరైనా చెయ్యి చాపి "దా" అంటే పాకే పిల్లాడికి కూడా ఎటు రావాలో తెలుసు.