కిటికీలోంచి కనిపించే కొట్టుకి నడిచి వెళ్లలేం

2000లో మన ఊరు, టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో జనాభా 33,714. 2020 నాటికి 2,00,509. ఆ వచ్చిన వాళ్లలో మనవాళ్లు ఎంతమందో, శనివారం పొద్దున కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర కారు పెట్టుకోవడానికి తిరిగే ఎవరికైనా తెలుసు. ఊరు ఇంకా పెరుగుతోంది. ఉత్తరాన గోల్ఫ్ సంస్థ పీజీఏ హెడ్‌క్వార్టర్స్ వచ్చిన ఫీల్డ్స్ అనే కొత్త ప్రాంతం వైపు ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఇకపై ఏది కట్టినా కారు నడపని మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టాలని మనం గట్టిగా అడగాలి.

ఆ మనిషి మన ఇంట్లోనే ఉన్నారు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు, ఇంకా లైసెన్స్ రాని కోడలు, పద్నాలుగేళ్ల పిల్లాడు. వరంగల్లో రోజూ సందు చివరికి వెళ్లి కూరలు తెచ్చుకుని, దారిలో నలుగురినీ పలకరించి వచ్చే పెద్దాయన ఇక్కడ కొడుకు మీటింగ్ అయ్యేదాకా సోఫాలో కూర్చుంటారు. కొత్తిమీర కట్ట కావాలన్నా "నీకు తీరికైనప్పుడు వెళ్దాంలేరా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె చివుక్కుమంటుంది.

మా కమ్యూనిటీనే చూడండి. వెనక ఇటుక గోడ, గోడ అవతల ఆరు లేన్ల రోడ్డు, ఆ రోడ్డు అవతల ఇండియన్ కిరాణా. మేడ మీద కిటికీలోంచి దాని బోర్డు చదవొచ్చు. గోడకి ఒక్క గేటు కూడా లేదు. చుట్టూ తిరిగి ముందు ఎంట్రన్స్ నుంచి బయటపడి, చెట్టు నీడ లేని పేవ్‌మెంట్ మీద సిగ్నల్ దాకా నడవాలి. జులై ఎండలో అది పెద్దవాళ్లు చేసే పనేనా? తీరా సిగ్నల్ దగ్గరికి చేరితే అక్కడింకో చిక్కు. సాధారణంగా నడిచేవాళ్ల సిగ్నల్‌కి టైం లెక్కకట్టేది సెకనుకి 3.5 అడుగుల చొప్పున. టర్న్ లేన్లతో కలిపి రోడ్డు 100 అడుగులు అనుకుంటే 29 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సెకనుకి రెండున్నర అడుగులు నడిస్తే 40 సెకన్లు కావాలి. నడిచే గుర్తు ఆరిపోయే ముందు రోడ్డు మీద అడుగు పెడితే, మిగతా 11 సెకన్లు ఆవిడ కార్ల ముందే ఉంటుంది.

రైలు వస్తే బాగుండునని అందరికీ ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల రైళ్లూ బస్సులూ నడిపే సంస్థ డార్ట్ 1983లో మొదలైంది. అందులో ఉన్న ఊళ్లు సేల్స్ ట్యాక్స్‌లో డాలరుకి ఒక సెంటు దానికి ఇస్తాయి. టెక్సస్‌లో స్థానిక సేల్స్ ట్యాక్స్ మొత్తం 2 సెంట్లు దాటకూడదు. ఫ్రిస్కో డార్ట్‌లో చేరలేదు, ఆ సెంటుని చెరో అర సెంటు చొప్పున రెండు అభివృద్ధి సంస్థలకి ఇచ్చింది. దాంతో ఊరికి మేలు జరిగిన మాట నిజం. కానీ ఇప్పుడు రైలు కావాలంటే ఆ సెంటుని కదపాలి, అది ఇప్పట్లో తేలే పని కాదు. గోడకి గేటు పెట్టడానికీ, రోడ్డు పక్కన చెట్లు నాటడానికీ, సిగ్నల్ టైం పెంచడానికీ మాత్రం ఆ సెంటు కోసం ఆగక్కర్లేదు.

ఇక అపార్ట్‌మెంట్ల సంగతి. జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన, మారుస్తామని నోటీసు రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో పిటిషన్ తిరుగుతుంది: ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూలు పాడవుతుంది అని. నేను సంతకం పెట్టను. పాలప్యాకెట్‌కి కూడా కారు తీయాల్సి వస్తే ట్రాఫిక్ ఎందుకు పెరగదు? స్కూళ్లంటారా, పిల్లల సంఖ్య తగ్గుతుండటంతో మన స్కూల్ డిస్ట్రిక్ట్ ఫ్రిస్కో ఐఎస్‌డీ 2024-25 తర్వాత స్టేలీ మిడిల్ స్కూల్‌నే మూసేసింది. కొత్తగా పెళ్లయిన జంటలు, కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఈ ఊళ్లో ఉండాలంటే చిన్న ఇళ్లూ ఉండాలి కదా. పైగా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఎస్‌బీ 840 అనే టెక్సస్ రాష్ట్ర చట్టం అమల్లోకి వచ్చింది. ఫ్రిస్కో లాంటి పెద్ద ఊళ్లలో చాలావరకు కమర్షియల్ స్థలాల్లో జోనింగ్ మార్చకుండానే అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు. వద్దని కూర్చుంటే అవి ఎలా రావాలో చెప్పే అవకాశం కూడా పోతుంది. కింద కొట్లు ఉన్నాయా, పక్క కాలనీలోకి నడకదారి ఉందా, గుడికో లైబ్రరీకో కారు లేకుండా వెళ్లొచ్చా అని అడుగుదాం.

ఉగాదికి వందలమందిని ఒక హాల్లో కూర్చోబెట్టగల సంఘం మనది. ప్లానింగ్ అండ్ జోనింగ్ మీటింగులు సిటీ హాల్లో సాయంత్రాలే జరుగుతాయి, మాట్లాడాలనుకున్న వాళ్లకి మైకు ఇస్తారు. సంఘం తరఫున ఒక చిన్న కమిటీ వేసి, మన కాలనీల్లో గేట్లు కావాల్సిన గోడలు ఎక్కడెక్కడున్నాయో మ్యాప్ గీసి తీసుకెళ్దాం. మీ ఇంటికి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, ముందు వాళ్లనే అడగండి: ఎక్కడికి నడిచి వెళ్లాలని ఉందో.