ఆడితే ఆట పాడైపోతుంది

విశాఖపట్నానికి సమస్యల కొదవ లేదు. పోర్టు బొగ్గు పొడి ఉంది, 2019లో ప్రకటించిన రైల్వే జోన్ ఉంది, హనుమంతవాక జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఉంది. ఇవన్నీ ఏదో ఒకనాటికి తెమిలేవే. తెమలనిది మరొకటుంది. దాని గురించి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక్క ముక్క రాయలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ఏ ఎడిషన్ ప్రకారం, అంటే ఏ కాలపు నియమాల పుస్తకం ప్రకారం ఆడాలన్నదే ఆ సమస్య.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. లోకం, రాక్షసులు, వాతావరణం అన్నీ ఆయన శాఖలే. మిగిలిన నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. "నేను గోడ ఎక్కుతాను" అంటారు. ఎక్కారో పడ్డారో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం ఇలాంటి బల్ల ఒకటి కొలువు తీరుతుంది. అందులో నేను ఆటగాణ్ణి కాదు, పరిశీలకుణ్ణి. ఆ హోదా నాకు నేనే ఇచ్చుకున్నాను. పకోడీల పంపకంలో పరిశీలకులకు వేరే నిబంధనేమీ లేదు.

పరిశీలించాక తేలిందేమిటంటే, ఈ ఆటకు పట్టిన చీడ ఆడటమే. ఆడనంతకాలం అది దివ్యంగా సాగుతోంది.

రుజువు కావాలా? మొదటి ఆదివారం డీఎం గారు, రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం చేసే కుర్రాడు, గొంతు సవరించుకుని "గుహ చివర ఒక తలుపు. దాని వెనక గాబ్లిన్ అనే బుల్లి రాక్షసుడి ఊపిరి వినబడుతోంది" అన్నాడు. జీఎస్టీ ప్రాక్టీసు చేసే ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఏ రూల్ ప్రకారం వినబడింది డీఎం గారూ?" అంది. 1974 నాటి పుస్తకంలో తలుపుకి చెవి ఆనిస్తే ఆరు ముఖాల పాచిక వేయాలి. మనిషి పాత్రకైతే ఒకటి పడాలి, ఎల్ఫ్, మరుగుజ్జు జాతుల పాత్రలకి ఒకటో రెండో పడితే చాలు. ఐదో ఎడిషన్‌లో పాచికే అక్కర్లేదు. పదికి మీ గ్రహణశక్తి కలుపుకుంటే వచ్చే అంకె చాలు, చెవి దానంతటదే పనిచేస్తుంది. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మాస్టారు ఇది విని, "ఏటి బాబూ, చెవి ఆనించకుండానే వినబడిపోద్దా?" అని ఆశ్చర్యపోయారు. అప్పటి నుంచి ఆ తలుపు మూసే ఉంది. వెనకాల గాబ్లిన్ క్షేమం. ఈ మధ్యలో బల్ల దగ్గర జరిగిన చర్చ స్థాయి చూస్తే మన శాసనసభ్యుల్ని నాలుగు రోజులు శిక్షణకి పంపాలనిపిస్తుంది.

అసలు ఈ ఆట పుట్టుకలోనే ఆ గుణం ఉంది. 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ఒక పెట్టెలో మూడు పుస్తకాలుగా వెలువడింది. రాసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. వీరిలో గైగాక్స్ గతంలో ఇన్సూరెన్స్ అండర్‌రైటర్. ఈ ఒక్క సంగతి తెలిస్తే తక్కిన చరిత్ర చదవక్కర్లేదు. ఎవరికి ఎంత ముప్పుందో పట్టిక చూసి చెప్పడం అలవాటైన మనిషి వీరగాథ రాస్తే అందులో వీరులు తక్కువ, పట్టికలు ఎక్కువ ఉండటం సహజం. 1979 నాటి డీఎం గైడ్‌లో జబ్బుల పట్టిక కూడా ఉంది. మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణమెంతో నాలుగు ముఖాల పాచిక వేసి తెలుసుకోవాలి. ఒకటి పడితే ఒకటే. పూర్ణా మార్కెట్ పిల్లి గీరినా చాలు, పాలసీ మెచ్యూర్ అయిపోతుంది.

మాస్టారు ఆ తరం మనిషి. బావమరిది అమెరికా నుంచి తెచ్చిన పుస్తకాలు అట్టలు వేసి దాచుకున్నారు. వాటి ప్రకారం కవచం అంకె ఎంత తగ్గితే అంత గట్టిది. పది అంటే ఒంటి మీద చొక్కా మాత్రమే ఉన్నట్టు, మైనస్ పది అంటే దేవుడు కూడా ఆలోచించుకుని కొట్టాల్సినట్టు. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి థాకో అనే లెక్క వేసి, అందులోంచి ఎదుటివాడి కవచం అంకె తీసేసి, వచ్చిన దానితో పాచిక పోల్చుకోవాలి. తెలుగు పిల్లలకి ఇందులో కష్టమేముంది, ఎంసెట్ ర్యాంకు లాంటిదే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దాన్ని తలకిందులు చేసి, అంకె పెరిగేకొద్దీ మేలు అంది. అంటే ర్యాంకులు పోయి మార్కులొచ్చాయి. మాస్టారు ఆ రోజు నుంచి కొత్త పుస్తకం ముట్టలేదు. మార్కులు ఎవడికైనా వేస్తారని ఆయన వాదన.

మధ్యలో 1989 నాటి రెండో ఎడిషన్‌ను మా బల్ల మీద ఎవరూ సమర్థించరు, ఆ కారణంగా దాని పట్ల నాకు సానుభూతి. ఈ ఆట పిల్లల్ని దయ్యాల పూజకి లాగుతోందని అమెరికాలో కొందరు గోల పెట్టడంతో ఆ ఎడిషన్‌లో డెమన్, డెవిల్ అన్న మాటలు తీసేసి తనారి, బాటెజు అని పేర్లు మార్చారు. దయ్యాలు మాత్రం అవే, ఉద్యోగాలూ అవే. శాఖ పేరు మార్చి సంస్కరణ అనడం మనకి కొత్తేం కాదు గనుక ఈ విషయంలో నేను అమెరికాని తప్పు పట్టలేను.

2003లో మూడున్నర వచ్చింది. అర ఎడిషన్ అనగానే సగం ధరకి ఇస్తారని ఆశపడ్డవాళ్ల సంగతి రాయడానికి చేతులు రావడం లేదు. 2008 నాటి నాలుగో ఎడిషన్ మాత్రం గొప్ప శాస్త్రీయ విప్లవం. అందులో అన్నీ గళ్లే. ఐమూలగా నడిచినా ఒక గడే, తిన్నగా నడిచినా ఒక గడే. పైథాగరస్‌ను ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట. దాని ఫలితంగా మాంత్రికుడు విసిరిన అగ్నిగోళం నలుచదరంగా పేలేది. మా డీఎం దీన్ని ఎగతాళి చేస్తాడు గాని, నాకైతే నచ్చింది. వుడా లేఅవుట్ ఉన్న ఊళ్లో మంటకి కూడా హద్దులు ఉండాలి కదా.

ఐదో ఎడిషన్ పుస్తకం 2014 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కైలాసగిరి మీద చెట్లు మళ్లీ పెరిగాయి. ఎడిషన్ గొడవ మాత్రం ఇంకా చల్లారలేదు. ఎందుకంటే 2024లో ఈ ఆటని అమ్మే కంపెనీ దాన్ని సవరించి, అదే పేరుతో మళ్లీ అమ్మింది. పాత్ర జాతిని రేస్ అనేవారు, ఇప్పుడు స్పీసీస్ అన్నారు. జాతిని బట్టి వచ్చే బలాబలాలు పూర్వవృత్తిని బట్టి వస్తాయన్నారు. ఇది ఆరోది కాదు, ఐదోదే అంటారు. పాతదీ కొత్తదీ కలిపి ఆడుకోవచ్చంటారు. మన దగ్గర దీన్ని జీవో సవరణ అంటారు. పాత జీవో రద్దు కాదు, కొత్తది అమలు కాదు, మధ్యలో ఉద్యోగి కోర్టుకి వెళ్తాడు. జీఎస్టీ ఆవిడ కళ్లలో ఆ వారం కనిపించిన వెలుగు నేను మార్చి నెలాఖరులో కూడా చూడలేదు.

ఇంకో సంగతి. 2000లో ఆ కంపెనీయే మా రూల్స్ ఎవరైనా వాడుకోండని ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చింది. దాన్ని పట్టుకునే 2009లో పైజో అనే మరో కంపెనీ మూడున్నరని కాస్త సాపుచేసి పాత్‌ఫైండర్ అనే ఆటగా తెచ్చింది. 2023 జనవరిలో ఆ లైసెన్సును బిగించబోతున్నారని ముసాయిదా బయటికి పొక్కింది. ప్రపంచమంతా భగ్గుమంది. నెల తిరక్కుండా కంపెనీ వెనక్కి తగ్గి, ప్రధాన నియమాల్ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో పెట్టేసింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఈ మొత్తం పోరాటంలో ఎవరూ డ్రాగన్‌ని చంపలేదు. అయినా ఆ ఆట ఆడేవాళ్లు అంత ఐకమత్యంగా, అంత ఉత్సాహంగా ఎప్పుడూ లేరు. నా సిద్ధాంతానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కథ ఏ కల్పిత లోకంలో జరగాలన్న పేచీ గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. డీఎంకి ఫర్గాటెన్ రెల్మ్స్ కావాలి, మాస్టారికి గైగాక్స్ సొంత లోకం గ్రేహాక్ కావాలి. నేవీలో పనిచేసే తమ్ముడికి ఆకాశంలో ఓడలు తిరిగే స్పెల్‌జామర్ కావాలి. శని, ఆదివారాలైనా ఓడలు లేని లోకానికి పోవచ్చు కదా అంటే నొచ్చుకుంటాడు. ఎబెరాన్ అనే లోకంలో మెరుపు రైలు నడుస్తుందని ఒకరు ఆశ పెట్టారు గాని, రైలు మాట ఎత్తగానే మా వాళ్లంతా జోన్ ఆఫీసు సంగతికి వెళ్లిపోయారు.

ఇక ఆడే తీరు. డీఎం అనుకున్న దారినే ఆటగాళ్లని తోలుకుపోతే దాన్ని రైల్‌రోడింగ్ అని తిడతారు. ఎటు పోయినా లోకం తెరుచుకుంటే శాండ్‌బాక్స్ అని మెచ్చుకుంటారు. మన బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం మొదటి రకం. ఒక కొసన ఎక్కాలి, తల కాచుకుంటూ గుండ్రటి కంతల్లోంచి దూరాలి, ఇంకో కొసన దిగాలి. మధ్యలో "నేను ఇంజిన్ గదిలోనే ఉండిపోతాను" అంటే గైడు ఒప్పుకోడు. బొర్రా గుహలు రెండో రకం అనుకుంటాం. కానీ ఆ గుహల నెత్తి మీద నుంచే కిరండూల్ రైలు మార్గం పోతుందని గుర్తు చేస్తే శాండ్‌బాక్స్ పక్షంవాళ్లు ముఖం తిప్పుకుంటారు.

మాస్టారిది మూడో తీరు, పాతకాలపు తీరు. పదడుగుల కర్రతో నేల తడుముకుంటూ, దివిటీలు లెక్కపెట్టుకుంటూ పోవడం. ఆ కాలంలో రాక్షసుణ్ణి చంపినందుకు వచ్చే అనుభవం, అంటే పాత్ర లెవెల్ పెంచే పాయింట్లు, అంతంతమాత్రం. ఇంటికి తెచ్చిన బంగారమే అసలు అనుభవం, నాణేనికి ఒక పాయింటు. సంబంధాలు చూసే మధ్యవర్తులు ఎవరిని అడిగినా ఇదే సూత్రం చెబుతారు. కొత్త తరం కథ ముఖ్యం, పాత్ర మనసు ముఖ్యం అంటుంది. మా నేవీ తమ్ముడి యోధుడికి పదిహేను పేజీల పూర్వకథ ఉంది. చిన్నప్పుడు తండ్రి వదిలేశాడు, గురువు మోసం చేశాడు, తోడేలు పెంచింది. ఇన్ని అనుభవించిన మనిషి ఇంకా మొదటి లెవెల్‌లోనే ఎందుకున్నాడని మాస్టారు అడిగితే సమాధానం లేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు. మిగతా కాలమంతా చందనం పూతలోనే. దేవుడికీ డ్రాగన్‌కీ పోలిక తెచ్చానని కోపగించుకోవద్దు, నేను నిర్వహణ పద్ధతి ఒక్కటే అరువు తెచ్చుకుంటున్నాను. ఆట కూడా ఏడాదికి ఒక్కరోజే ఆడాలి. ఆ రోజు డ్రాగన్‌ని బయటికి తేవాలి, పాచికలు వేయాలి, చంపాలో చావాలో తేల్చుకోవాలి. తక్కిన ఆదివారాలన్నీ నియమాల పూతకి కేటాయించాలి.

బల్ల ఈ ప్రతిపాదనని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇలా ఒక విషయం మీద అందరూ కలవడం అదే మొదలు. అయితే ఆ ఒక్కరోజు వచ్చే ఎర్ర డ్రాగన్ ఏ ఎడిషన్‌దన్న ప్రశ్న వెంటనే లేచింది. 1977 నాటి పుస్తకంలో ఎంత ముసలి ఎర్ర డ్రాగన్‌కైనా హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, 88 దాటవు. 2014లో దానికే 546. జీఎస్టీ ఆవిడ కాలిక్యులేటర్ తీసి, మన పప్పుల ధరలతో చూస్తే డ్రాగన్‌కి ఇంకా అన్యాయమే జరిగిందని తేల్చింది. మాస్టారు 88కి మించి ఒప్పుకోనన్నారు. చివరికి ఉపసంఘం వేశారు, కోరం ముగ్గురు. బాధితుడి తరఫున తలుపు వెనకున్న గాబ్లిన్‌ని కూడా ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలుద్దామని నేవీ తమ్ముడు సూచించాడు. 2014 పుస్తకం ప్రకారం దానికి కామన్, గాబ్లిన్ అనే రెండు భాషలే వచ్చుననీ, తెలుగులో నోటీసిస్తే చెల్లదనీ అభ్యంతరం రావడంతో ఆ అంశం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.