చెప్పమని అడిగే ముందు: సీమకు ఎలాంటి ఆన్‌లైన్ థెరపీ కావాలి?

కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చెప్పుకునే బాధలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. గుండె దడ. తల బరువు. కడుపులో దేవినట్టు ఉండటం. కాళ్లు చేతులు లాగడం. నడిరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టకపోవడం. గ్యాస్ అని ఒక మాత్ర, నీరసమని బీకాంప్లెక్స్ సూది, అప్పటికీ తగ్గకపోతే అనంతపురం పోయి ఈసీజీ. ఈసీజీ నార్మల్ అని వస్తుంది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ పెట్టుకోవద్దు" అని చెప్పి పంపిస్తారు. ఆమె మళ్లీ ఊరికి వస్తుంది, దడ కూడా ఆమెతోపాటే వస్తుంది.

బెంగళూరు, హైదరాబాద్ థెరపిస్టులు కొన్నేళ్లుగా ట్రామాను, అంటే ఘోరమైన అనుభవం మనసులోనూ ఒంట్లోనూ మిగిల్చిన గాయాన్ని, దృష్టిలో పెట్టుకుని, ఒంటి నుంచి మొదలుపెట్టి, బొమ్మలు, పాట, కదలికల సాయంతో ఆన్‌లైన్‌లో థెరపీ చేస్తున్నారు. వానలు లేక, అప్పులతో, వలసలతో నడిచే అనంతపురానికి ఇది పట్నపు విలాసమని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనుకోవడం లేదు. బాధను ఒంటితో చెప్పుకునే జనానికి ఒంటి నుంచి మొదలయ్యే వైద్యమే ముందు అక్కరకొస్తుంది. అయితే ఇప్పుడున్న ధరకు, ఇప్పుడున్న భాషలో మాత్రం అది ఇక్కడికి రాదు.

ముందు ట్రామాను గుర్తెరగడం అంటే ఏమిటో చూద్దాం. దానికి మన దగ్గరే ఒక ఎదురు ఉదాహరణ ఉంది. అప్పులపాలై రైతు ఆత్మహత్య చేసుకుంటే ఆ కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే పరిహారం 7 లక్షల రూపాయలు. 2004 నాటి 421 జీవో కాలం నుంచీ దానికొక విచారణ పద్ధతి ఉంది. మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్‌ఐ, వ్యవసాయాధికారి. ఆపైన ఆర్డీవో, డీఎస్పీ ఉండే డివిజన్ కమిటీ. పాసుపుస్తకం, బ్యాంకు అప్పు కాగితాలు, ప్రైవేటు అప్పుల వివరాలు, కౌలురైతు అయితే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు. ప్రతి మెట్టు దగ్గరా ఆ భార్య ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాలి. పొద్దున ఏమన్నాడు, ఎవరు చూశారు, ముందురోజు గొడవేమన్నా జరిగిందా? గొడవ జరిగిందని నోరు జారితే 'కుటుంబ కలహం' అని రాస్తారేమోనన్న భయం. ప్రభుత్వ సొమ్ముకు విచారణ ఉండాల్సిందే, కాదనను. కానీ అదే కథను ఎందరి ముందో ఒప్పజెప్పిన మనిషి కౌన్సెలర్ దగ్గరికి వస్తే, ఆ కౌన్సెలర్ కూడా "అసలేం జరిగిందో చెప్పమ్మా" అని మొదలుపెడితే, ఆమె కళ్లకు ఆయన మరో తహసీల్దారే.

అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్‌సా 2014లో ఇలాంటి సేవలకు కొన్ని సూత్రాలు రాసింది. భద్రత, నమ్మకం, అలాంటి బాధే పడ్డవాళ్ల తోడు, కలిసి పనిచేయడం, ఎంచుకునే స్వేచ్ఛ, సంస్కృతినీ చరిత్రనూ జెండర్‌నూ పట్టించుకోవడం. కాగితం మీద పెద్ద మాటల్లాగే కనిపిస్తాయి. ఆచరణలో అవి చాలా చిన్న చిన్న పనులు.

ధర్మవరం చుట్టుపక్కల మగ్గం నేసే ఇంట్లో ఒక సెషన్ ఎలా నడుస్తుందో చెబుతాను. ఆమె మిద్దె మీద కూర్చుని ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్, కెమెరా ఆపేసి ఉంది. కౌన్సెలర్ అడిగే మొదటి మాట, "అక్కా, ఒక్కదానివే ఉండావా?" ఎవరైనా పైకొస్తే "ఈసారి పట్టు రేటెంత?" అనాలని ఇద్దరూ ముందే అనుకున్నారు. ఆ మాట వినపడగానే కౌన్సెలర్ పొదుపు సంఘం కంతుల గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎవరూ లేరని తేలాక పాదాలు నేలకు ఆనించమంటుంది. కళ్లు మూసుకోమనదు, ఎందుకంటే కళ్లు మూస్తే ఆ రోజే ఎదుటికొచ్చే వాళ్లు చాలామంది. చుట్టూ చూసి కనపడినవి చెప్పమంటుంది. నీళ్ల డ్రమ్ము, ఎండేసిన చింతపండు, పక్కింటి డిష్.

"ఎదలో ఎట్లుందక్కా?"
"బండ పెట్టినట్టుంటాది."
"ఎంత బండ?"
"రుబ్బురోలంత."
"మరి కాళ్లల్లో?"
"కాళ్లా... కాళ్లు మామూలుగనే ఉండాయి."

కాసేపు ఆ కాళ్ల దగ్గరే ఉంటారు. రోజంతా మగ్గం గుంటలో తొక్కే కాళ్లు అవి, బలమున్న కాళ్లు. కొంచెం కుదురుకున్నాక మళ్లీ ఎద దగ్గరికి పోతారు, బరువు పెరిగితే వెనక్కి వస్తారు. పీటర్ లెవీన్ అనే అమెరికన్ థెరపిస్టు పద్ధతిలో కీలకమైన పని ఈ రాకపోకలే. ప్రమాదం ముంచుకొస్తే ఒళ్లు తిరగబడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది, ఏదీ కుదరకపోతే బిగుసుకుపోతుంది. ప్రమాదం దాటిపోయినా కొందరిలో ఆ బిగువు వదలదు. అప్పులాయన బండి చప్పుడు వీధి మలుపులో వినపడితే చాలు, నీళ్ల బిందె చేతిలో వణుకుతుంది. అలాంటప్పుడు 'ధైర్యంగా ఉండు' అన్న సలహా చెవి దాకా కూడా పోదు. పాదాల కింద నేల ఉందన్న సంగతి మాత్రం ఒంటికి చేరుతుంది.

తర్వాతి వారం పిల్లోని నోటుబుక్కు వెనక పేజీలో ఆ బండను గీయమంటుంది కౌన్సెలర్. ఆమె పెన్సిల్‌తో కాగితం చినిగేదాకా రుద్దింది. ఎవరికీ చూపించాల్సిన పనిలేదు, పొయ్యిలో వేసినా అడిగేవాళ్లు లేరు. అక్షరం రాని మనిషికి, మాట పెగలని మనిషికి ఈ దారి తెరిచి ఉండటమే దీని విలువ. ముగ్గు వేసే చేయికి గీత కొత్తేం కాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. మనకు నిమ్మలకుంట తోలుబొమ్మలున్నాయి, ఉరుముల నృత్యం ఉంది, చెక్కభజన ఉంది. వీటిని థెరపీలోకి తెద్దామని ఉత్సాహపడే వాళ్లను చూస్తున్నాను. మంచిదే. కానీ ఊరి రామాలయం గడప తొక్కనివ్వని మనిషికి చెక్కభజన అడుగులు వేయమంటే, ఆ అడుగుతోనే పాత గాయం రేగుతుంది. ఏ కళ ఎవరిది, దానికి ఎవరిని దూరంగా నిలబెట్టారు అన్నది తెలియకుండా 'స్థానిక సంస్కృతి' అని వాడేయడం ప్రమాదం. అందరినీ కలుపుకోవడం అన్న మాటకు సీమలో మొదటి పరీక్ష కులమే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కులం, మతం, లింగం, లైంగికత, వైకల్యం, వర్గం వంటి ఏ వివక్షా లేకుండా ప్రభుత్వ మానసిక వైద్యం అందరి హక్కు. కానీ చెవులు వినపడని అమ్మాయికి ఫోన్ హెల్ప్‌లైన్ ఎందుకు పనికొస్తుంది? ఆమెకు సైగల భాష తెలిసిన మనిషి వీడియోలో కావాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి నిద్ర పట్టడం లేదని వస్తే, ఆ నిద్ర సంగతి వదిలి దేహం గురించి ప్రశ్నలు వేసే డాక్టరు దగ్గరికి రెండోసారి రారు. 1988లోనే చట్టం నిషేధించినా బసివి పేరు మోస్తున్న, అంటే దేవుడి పేరిట వదిలేసిన ఆడవాళ్లకు, ఒంటిని గమనించమని చెప్పే మాటే భయం పుట్టించవచ్చు. వాళ్లతో ఒంటి దగ్గర మొదలుపెట్టకుండా పాటతోనో, చేతిపనితోనో మొదలుపెట్టే వెసులుబాటు ఉండాలి. వద్దు అనగలగడం ఈ వైద్యంలో సగం.

ఈ పద్ధతులకున్న ఆధారాల గురించీ నిజాయితీగా మాట్లాడుకోవాలి. ట్రామాకు ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనల తీరును మార్చే థెరపీ), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాలతో పనిచేసే థెరపీ) పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. కళలు ఆరోగ్యానికి ఎలా తోడ్పడతాయో 3,000కు పైగా అధ్యయనాలను కూర్చి 2019లో అదే సంస్థ నివేదిక ఇచ్చింది. శరీరం ఆధారంగా చేసే పద్ధతుల వెనక ఉన్న పరిశోధన మాత్రం ఇంకా పలచనే. వీటిని చెప్పేటప్పుడు తరచూ వినిపించే, భయానికీ భద్రతకీ ఒంట్లోని వేగస్ నాడితో ముడిపెట్టే పాలీవేగల్ సిద్ధాంతం మీద శరీరధర్మ శాస్త్రవేత్తల్లోనే తగువు ఉంది. కాబట్టి ఇవి మందులకు బదులు అని చెప్పేవాళ్లను నమ్మకూడదు. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది. 'ట్రామా కోచ్' అని బోర్డు పెట్టుకోవడానికి ఇన్‌స్టా ఖాతా ఉంటే చాలు. ఒంటిలో దాగిన బాధను కదిలించడం వచ్చి, కుదుటపరచడం రాని మనిషి చేతిలో, అదీ ఫోన్ అవతల ఒంటరిగా, పడితే మనిషి మరింత దెబ్బతింటుంది.

ఇక డబ్బు. పట్నంలో గంట సెషన్‌కు వెయ్యి, పదిహేను వందలు మామూలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఈ లెక్క తేలకుండా 'అందరికీ' అనే మాట వాడకూడదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లోనే రకరకాల మానసిక సమస్యలున్న వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది.

ఉచితంగా ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు. ఆపదలో ఉన్నవాళ్లకు ఈ నంబరు తప్పకుండా చెప్పండి. కానీ ట్రామాకు నెలల తరబడి ఒకే మనిషి తోడు కావాలి, హెల్ప్‌లైన్‌కు ఎప్పుడు చేసినా అదే గొంతు పలుకుతుందన్న హామీ లేదు. పైగా చాలా ఇళ్లలో ఫోన్ మొగుడిది, లేదా కొడుకుది. ఒకే గది ఇంట్లో ఏకాంతం అంటే బయలుకు పోయే దారే.

అందుకే నా ప్రతిపాదన ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్. అక్కడ ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉన్నారు, ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో పట్నం డాక్టరుకు చూపించే ఏర్పాటూ ఉంది. బీపీ కోసం, షుగరు కోసం ఊరంతా అక్కడికే వస్తుంది కాబట్టి ఎవరు ఎందుకు వచ్చారని ఎవరూ ఆరా తీయరు. వారంలో ఒక మధ్యాహ్నం, తలుపు వేసుకోగల గది, ఒక జత ఇయర్‌ఫోన్లు, ప్రతి వారం అదే కౌన్సెలర్, సీమ మాట అర్థమయ్యే కౌన్సెలర్. సెషన్ మధ్యలో ఆమె బిగుసుకుపోతే పక్క గదిలోంచి వచ్చి నీళ్లిచ్చి కూర్చోబెట్టే మనిషి ఎంఎల్‌హెచ్‌పీ. వాళ్లకు ముందే ఆ శిక్షణ ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందితో మానసిక వైద్యం చేయించవచ్చని 1980ల్లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసి చూపించింది మన పక్కనున్న బళ్లారిలోనే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మూలం అదే. ఆ కార్యక్రమం నిధుల్లోంచే అనంతపురంలో కొన్ని మండలాల్లో ఈ పని మొదలుపెట్టవచ్చు. పరిహారం విచారణ జరుగుతున్న కుటుంబాలను మొదటి వరసలో పెట్టాలి. వాళ్ల పేర్లూ ఊళ్లూ తహసీల్దారు కార్యాలయాల్లో ఇప్పటికే ఉన్నాయి.